చెరుకు బండిలో పందిరి మంచం

జగన్మోహన్ రావు కోరుట్లలో కొత్త కాపురం పెట్టిన రోజున ఆ ఇంట్లో ఒక చాప, ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక ట్రంకుపెట్టె, ఒక రేడియో, గడ్డం గీసుకునే అద్దం ఒకటి, భార్య ఒకరు ఉన్నారు.

భార్య పేరు ఊర్మిళ. సిరిసిల్ల పిల్ల. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం ఆమెకున్న ఒకే ఒక దురలవాటు.

"చాప, స్టవ్వు, పెట్టె మా అమ్మగారింటియి," అంది గది నాలుగు మూలలూ చూస్తూ. "మీరు తెచ్చింది రేడియో, అద్దం. రేడియో పలుకది. అద్దంల ఒక చెంప కనబడితే ఇంకో చెంప కనబడది. నా బొట్టు నడుమ ఉన్నదో లేదో మీరే చెప్పాలె."

"నడుమనే ఉన్నది."

"ఇటు చూడకుంటనే చెప్తున్నరు."

ఇల్లంటే మొత్తం ఇల్లు కాదు, మేడమీది పోర్షన్. రెండు గదులు, వంటిల్లు, బట్టలారేసుకోవడానికి ఒక తీగ. కింద ఇంటి యజమాని సత్తవ్వ ఒక్కతే ఉంటుంది. ఆమె కొడుకు రాజనర్సు మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. ఇల్లు కట్టించింది అతనే. సెలవుకు వచ్చినప్పుడల్లా తల్లికి ఏదో ఒకటి తెచ్చేవాడు. అట్లా సత్తవ్వ ముందు గదిలో విప్పి బిగించుకునే ఇనుప మంచం, మూరెడు మందం ఫోం పరుపు, టేబుల్ ఫ్యాను, నాలుగు మడత కుర్చీలు చేరాయి. ఆమె వాటి మీది ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. రోజూ కవర్లను తుడిచి, తాను పోయి వరండాలో నులక మంచం మీద పడుకునేది.

"గా పరుపు మీద పండితే బురదల కూరుకపోయినట్టే ఉంటది బిడ్డా," అని ఊర్మిళతో చెప్పింది.

ఇక జగన్మోహన్ రావు సంగతి. కథలాపూర్ దాటాక ఒక ఊళ్లో వాళ్లకు గడి ఉంది. గడి అంటే దొరల ఇల్లు; ఇల్లంత గోడ, గోడంత గేటు. ఆయన తాత పూర్తి దొర. తండ్రి దామోదర్ రావు సగం దొర. ఊళ్లోకి అన్నలు, అంటే నక్సలైట్లు, రావడం మొదలుపెట్టాక ఆయన ఒకనాడు పొద్దుటి బస్సుకు కరీంనగర్ వెళ్లిపోయి, అక్కడి క్లబ్బులో పేకాటలో కుదురుకున్నాడు. రాజ్యం పోయినా చేతిలో రాజులకు కొదవ లేకుండా చూసుకున్నాడు. మన జగన్మోహన్ రావుకు వచ్చేసరికి దొరతనంలో పేరు చివరి రావు ఒక్కటే మిగిలింది. కోరుట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేవాడు. కరెంటు పోయినా, చాక్‌పీసు విరిగినా రాజ్యాంగంలోని ఏదో ఒక అధికరణం ఎత్తుతాడని పిల్లలు ఆయనకు రాజ్యాంగం సారు అని పేరు పెట్టారు.

కాపురం మొదలైన వారానికి సామాన్ల చర్చ వచ్చింది.

"రెండు నవారు మంచాలు, రెండు పేము కుర్చీలు కొందాం," అంది ఊర్మిళ. "పరదాలకు, దుప్పట్లకు గుడ్డ మా సిరిసిల్ల నుంచి తెప్పిస్త."

"నవారు మంచమా!" అన్నాడు జగన్మోహన్ రావు, ఎవరో ఆయన్ను నేల మీద కూర్చోమన్నట్టు. అప్పుడాయన నేల మీదే కూర్చున్నాడు. "మా తాత పందిరి మంచమున్నది గడిల. నల్లటి చేవ కర్ర. తలదిక్కు చెక్కిన నెమళ్లు. నాలుగు మూలలకు నాలుగు స్తంభాలు."

"ఎంతుంటది?"

"ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల పొడుగు."

"గదేమో తొమ్మిది. అంటే నేను వంటింట్లకు పోవాలంటే మంచమెక్కి అటుదిక్కు దిగాల్నా?"

"అలవాటైతది."

"మీకైతది. చాయ్ పట్టుకొని ఎక్కి దిగేది నేను గద." ఊర్మిళ చాప మడిచి గోడకు ఆనించింది. "నేను పెండ్లి చేసుకున్నది మిమ్ములను. మీ తాతను గాదు. ఆ మంచం గీ ఇంట్లకు రావద్దు."

జగన్మోహన్ రావు పలకని రేడియో మీట తిప్పుతూ కూర్చున్నాడు. కాని ఆ మంచం ఆయన మనసులోంచి పోలేదు. చిన్నప్పుడు తాత పక్కన, ఆ నాలుగు స్తంభాల మధ్య పడుకుంటే ఊరంతా తననడిగే లేస్తోందని, తననడిగే పడుకుంటోందని అనిపించేది. ఇప్పుడు కాలేజీలో వెనక బెంచీలవాళ్లు తననడక్కుండానే పడుకుంటున్నారు. ఒక్క మంచమైనా తన మాట వినాలని ఆయన కోరిక.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, అన్నం తింటూ అన్నాడు: "రేపు జగిత్యాలకు పోవాలె. ప్రాక్టికల్స్ డ్యూటీ పడ్డది."

"ఏ సబ్జెక్టుకు?"

"నా సబ్జెక్టుకే."

"సివిక్స్‌కు ప్రాక్టికల్స్ ఏందండి?"

జగన్మోహన్ రావు గ్లాసు అందుకున్నాడు. నీళ్లు తాగి, "ఓటేసుడు," అన్నాడు.

ఊర్మిళ చారు వడ్డించి ఊరుకుంది. అంత తొందరగా ఊరుకుందంటే ఏదో ఉందని ఇంకో మగవాడైతే కనిపెట్టేవాడు.

శనివారం పొద్దున ఆయన జగిత్యాల బస్సు వైపు నడిచి, సందు తిరిగి, కథలాపూర్ బస్సెక్కాడు. ఎవరూ గుర్తుపట్టకూడదని తలకు తువ్వాల చుట్టుకున్నాడు. ఊళ్లో బస్సు దిగగానే హోటల్ ముందు కూర్చున్న నలుగురు లేచి, "చిన్న దొరా, తలకాయ నొస్తున్నదా?" అని పరామర్శించారు. తువ్వాల తీసి జేబులో పెట్టుకున్నాడు.

గడి తాళాలు నర్సన్న దగ్గర ఉంటాయి. గడిలో పశువులను చూసుకున్న మనిషి. ఇప్పుడు పశువులు లేవు, తాళాలున్నాయి.

"నర్సన్నా, మెల్లగ మాట్లాడు. మంచం కోసం అచ్చిన. ఎవలకు తెల్వకుంట తీస్కపోవాలె. అన్నలకు తెలిస్తే ఏమంటరో."

"ఏమంటరు దొరా, సంబురపడ్తరు," అన్నాడు నర్సన్న మామూలు గొంతుతోనే. "పోయినేడు వాళ్లు గడిల మీటింగు పెట్టి సామాన్లన్ని పంచిండ్రు. గంగాళాలు పోయినయ్, ఊయల పోయింది, కుర్చీలు పోయినయ్. గీ మంచమొక్కటి ఎవలకిచ్చినా వాపసొచ్చింది."

"ఎందుకు?"

"ముందుగాల బాలవ్వకిచ్చిండ్రు. దర్వాజల పట్టలే. గోడ పడగొడ్దమన్నరు. మంచం మీది, గోడ నాది, వద్దే వద్దన్నది బాలవ్వ. ఇంకొకలకిస్తే వాకిట్ల ఏసుకున్నరు. రెండు నెలలు మేకలు పండినయ్. ఆఖరికి అవి సుత దిగిపోయినయ్. మల్ల తెచ్చి ఈడనే ఏసిండ్రు."

తాత మంచం మీద మేకలు పడుకున్న సంగతి జగన్మోహన్ రావుకు కష్టంగా తోచింది. అవి కూడా దిగిపోయాయన్న సంగతి ఇంకా కష్టంగా తోచింది.

ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలే ట్రాక్టరు ఒకటి ఊళ్లో సిద్ధంగా ఉంది. డ్రైవరు జలపతి. ఏ రోడ్డు మీదైనా రెండో గేరు దాటడు కాబట్టి ఊళ్లో అతన్ని సెకండ్ గేర్ జలపతి అనేవారు. ఫ్యాక్టరీకి కోరుట్ల మీదుగానే పోవాలి. మంచాన్ని అడుగున వేసి, పైన చెరుకు పేర్చితే దారిలో ఎవరి కంటా పడదని జగన్మోహన్ రావు ఎత్తు. ఆ రహస్యానికి సాయం పట్టడానికి ఊరు ఊరంతా వచ్చింది. స్తంభాలు ఊడదీసి పాత ధోవతిలో చుట్టారు. మంచం కోళ్లు నాలుగూ పీకి గోనెసంచిలో వేశారు. పట్టెలు, పలకలు మాత్రం ఊడలేదు. తాత కాలం నాటి బిగింపు. ఎంత కొట్టినా అంతే ఉంది. దాన్ని అట్లాగే నలుగురు మోసి ట్రాలీలో పడేసి, పైన చెరుకు నింపారు. గోనెసంచి ఒళ్లో పెట్టుకుని జగన్మోహన్ రావు చెరుకు మీద కూర్చున్నాడు.

ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద బండ్లను రెండు రకాలవాళ్లు ఆపేవారు. ఎవరు ఆపినా మొదటి ప్రశ్న ఒక్కటే: ఎక్కడికి పోతున్నరు, ఎందుకు పోతున్నరు. జవాబు మాత్రం ఒక్కటి సరిపోదు. కోరుట్ల ఇంకా ఆరేడు కిలోమీటర్లు ఉందనగా ఆపినవాళ్లు పోలీసులు.

ఎస్సై కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. జీపు నీడలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. పక్కన ఉన్న కానిస్టేబుల్ ఈ ప్రాంతం మనిషే.

"సంచిల ఏమున్నయ్?" అని అడిగాడు కానిస్టేబుల్.

"కోళ్లు," అన్నాడు జగన్మోహన్ రావు.

కానిస్టేబుల్ ముఖం విప్పారింది. మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. "ఎన్ని?"

"నాలుగు."

"ఊరకోళ్లేనా?"

"మా తాత కాలం నాటియి."

"గంత ముసలి కోళ్లా!" కానిస్టేబుల్ ఎస్సై వైపు దిగులుగా చూశాడు. "ఉడకయి సార్."

"అరుపు లేదేంటి మరి?" అన్నాడు ఎస్సై, లేచి వస్తూ.

సంచి విప్పారు. నాలుగు చేవ కర్ర కోళ్లు, పులి పంజా ఆకారంలో చెక్కినవి, బయటికి వచ్చాయి. ఈ లోపల ఇంకొకతను ఇనుప కడ్డీతో చెరుకులో పొడిచాడు. అడుగున ఠప్పున మోగింది. చెరుకు పక్కకు లాగితే ధోవతి చుట్టిన నాలుగు పొడుగాటి సామాన్లు, వాటి చివర ఇత్తడి గుండ్లు కనిపించాయి.

అందరూ పది అడుగులు వెనక్కి వేశారు. జలపతి పదిహేను అడుగులు వేశాడు.

"చేతులు పైకెత్తు!" అన్నాడు ఎస్సై, తుపాకీ తీసి గురిపెట్టి.

జగన్మోహన్ రావు ఎత్తాడు. "మంచం సార్," అన్నాడు, చెరుకు మీద నిలబడి. "మా తాత మంచం. ఇరవై ఒకటో అధికరణం ప్రకారం..."

"మంచమైతే చెరుకు కింద ఎందుకుంది?"

ఈ ప్రశ్నకు రాజ్యాంగంలో జవాబు లేదు. "మా ఆవిడకు తెల్వద్దని సార్," అన్నాడు.

ఎస్సై తుపాకీ దించలేదు గాని, ముఖంలో ఏదో మెత్తబడింది. ఆయనకూ పెళ్లయినట్టుంది. "సరే. మంచమే అయితే బిగించి చూపించు."

చెరుకంతా దింపారు. అప్పుడే వెనక నుంచి కోరుట్ల బస్సు వచ్చి ఆగింది. ప్రయాణికులు దిగారు. జగన్మోహన్ రావుకు మంచం బిగించడం రాదు. దాని మీద పడుకోవడం ఒక్కటే వచ్చు. ఎడమ కోడు కుడివైపు పెట్టాడు. మంచం కుంటింది. బస్సులోవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. ఇద్దరు కాలేజీ పిల్లలు, "రాజ్యాంగం సార్, గది కాళ్లదిక్కుది," అని పరుగెత్తుకొచ్చి సాయం పట్టారు. ఆఖరికి నడిరోడ్డు మీద, నాలుగు స్తంభాలతో, నెమళ్లతో, మంచం నిలబడింది. ఎస్సై దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. అంచు మీద కూర్చున్నాడు.

"మంచమే," అన్నాడు ఎస్సై. "తీసుకెళ్లు. మీ ఆవిడకు మాత్రం నిజం చెప్పు."

మళ్లీ ఊడదీసి, చెరుకెక్కించి బయలుదేరేసరికి రెండు దాటింది. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. బస్సుతో పాటు వార్తా వెళ్లింది. ట్రాక్టరు రెండో గేరులో కోరుట్ల సందు తిరిగేసరికి ఊర్మిళ, సత్తవ్వ గుమ్మం ముందు నిలబడి ఉన్నారు.

"ప్రాక్టికల్స్ అయినయా?" అంది ఊర్మిళ.

"అయినయ్."

"ఎంతమంది పాసయిండ్రు?"

జగన్మోహన్ రావు చొక్కాకు అంటుకున్న చెరుకు ఆకు పీకేసుకున్నాడు. సత్తవ్వ మాత్రం ఆయన వైపు చూడలేదు. ట్రాలీలోంచి దిగుతున్న నెమళ్ల వైపు చూస్తోంది.

ఇంక ఎవరేమన్నా మంచం పైకెక్కాల్సిందే అనుకున్నాడు ఆయన. జలపతి, సందులోవాళ్లు ఇద్దరు ముగ్గురు కింది వైపు పట్టారు. పై వైపు తాను పట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ మెట్లెక్కాడు. ఆ మెట్లు ఇరుకు. సగం దాకా పోయి మలుపు తిరుగుతాయి. మంచం కూడా సగం దాకా వెళ్లింది. తిరగలేదు. నిలువుగా పెట్టారు, పక్కకు వంచారు, ఒకసారి తలకిందులు కూడా చేశారు. ఆఖరికి అటు గోడకు, ఇటు గోడకు ఒత్తుకుని బిరడా బిగించినట్టు నిలిచిపోయింది. కిందివాళ్లు కింద ఉన్నారు. జగన్మోహన్ రావు పైన ఉన్నాడు. మధ్యన తాత మంచం ఉంది.

"చాయ్ తాగి చూద్దాం," అని కిందివాళ్లు బయటికి పోయారు.

పైన చిక్కుకున్న మనిషి చేసేదేముంది? చెమట తుడుచుకుందామని గదిలోకి వెళ్లాడు. వెళ్లి, ఇల్లు తప్పి వచ్చానేమో అనుకుని మళ్లీ గుమ్మం దాకా వచ్చి చూసుకున్నాడు.

కిటికీలకు సిరిసిల్ల గుడ్డతో ఆకుపచ్చ పరదాలు. గోడ వారన ఇనుప మంచం, దాని మీద మూరెడు మందం ఫోం పరుపు, పరుపు మీద ఉతికిన దుప్పటి. నాలుగు మడత కుర్చీలు. మూలన టేబుల్ ఫ్యాను తల తిప్పుతూ, రా, కూర్చో అన్నట్టు ఆయన వైపే గాలి విసురుతోంది. ఇవన్నీ పోను ఇంకా వంటింట్లోకి నడవడానికి దారి కూడా ఉంది.

మెట్ల దగ్గరికి తిరిగొచ్చి, మంచం పలకల సందులోంచి కిందికి చూశాడు. ఊర్మిళ కింది మెట్టు మీద కూర్చుని ఉంది. పలకల సందులోంచి చాయ్ గ్లాసు పైకి అందించింది.

"గా సామానంత సత్తవ్వది గద?" అన్నాడు.

"ఆమెదే. ఇప్పుడు మనది. మంచానికి బదులు."

"ఏ మంచానికి?"

"మీ చేతి కింద ఉన్నదానికి."

జగన్మోహన్ రావు చాయ్ ఒక గుక్క తాగాడు. వేడిగా ఉంది. "నువ్వే గద గీ ఇంట్లకు రావద్దన్నది."

"అన్న. నిజంగనే అన్న. తెల్లారి మీరు నా కొలత టేపు కాలేజీ సంచిల పెట్టుకున్నరు. అప్పుడే సమజైంది, మీరు ఆగరని. నేను మెట్లు కొలిచిన. మలుపు కాడ నాలుగడుగులు లేదు. కిందికి పోయి సత్తవ్వతోని అన్న, ఏం జేద్దామని. ఆమె మంచం మాట వినంగనే, తలదిక్కు నెమళ్లుంటయా, అన్నది."

"ఆమెకెట్ల తెలుసు?"

"ఆమెది మీ ఊరే. పుట్టిల్లు. మేడిపల్లికి ఇచ్చిండ్రు. మీరెన్నడన్న అడిగిండ్రా?"

అడగలేదు. ఈ ఇంట్లో దిగినప్పటి నుంచి ఆయన సత్తవ్వను అడిగిన ప్రశ్న ఒక్కటే: నల్లా నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయని.

"పెండ్లయ్యేదాక, పన్నెండేండ్లు ఆ మంచం తుడిసిందంట," అంది ఊర్మిళ. "నెమలి కండ్లల్ల దుమ్ము చీపురు పుల్లతోని తీసేదంట. ఒక్కనాడు ఆని కూసోలేదంట."

"అయినా అది మా తాత మంచం," అన్నాడు జగన్మోహన్ రావు, గొంతు తగ్గించి.

"మీ తాత పండిండు అంతే. అది మంచం లెక్క ఉన్నదంటే సత్తవ్వ చేతులతోని."

జగన్మోహన్ రావు మిగిలిన చాయ్ తాగేశాడు. తర్వాత ఖాళీ గ్లాసు సందులోంచి కిందికి వచ్చింది.

"నీకు ముందే తెలిస్తే నాకు చెప్పద్దా? పోలీసులు చేతులు ఎత్తిపిచ్చిండ్రు నాతోని."

ఊర్మిళ గ్లాసు పట్టుకుని లేచి నిలబడింది. ఈసారి ఆమె గొంతులో ఆటలేదు. "పోలీసుల సంగతి బస్సు అచ్చినంకనే తెలిసింది. అప్పటిసంది గుమ్మంలనే నిలబడ్డ. ఇంకోసారి నాకు చెప్పకుంట ఆ రోడ్డు మీద పోయిండ్రంటే చూడుండ్రి." కొంగుతో ముఖం తుడుచుకుని, వెంటనే మామూలు గొంతుతో అంది: "ముందే చెప్తే మీరు తెచ్చెటోళ్లా? సత్తవ్వకని చెప్పి మీరు గంత దూరం పోయెటోళ్లా?"

ఆలోచించి చూస్తే, పోయేవాడు కాదు. అట్లా ఆలోచించి చూడడమే ఆయనకు చిన్నతనంగా అనిపించింది.

చాయ్ తాగి వచ్చినవాళ్లు, ఎక్కించడానికి పడ్డ కష్టంలో పావు వంతు కూడా లేకుండా మంచాన్ని దింపేశారు. సత్తవ్వ ముందు గది ఖాళీగా, కడిగి, సిద్ధంగా ఉంది. గది పెద్దది, మంచం హాయిగా పట్టింది. ఎస్సై పుణ్యాన బిగించడం ఒకసారి సాధకం అయింది కాబట్టి, జగన్మోహన్ రావు ఏ కోడు ఏ మూలకో తానే చెప్పి బిగించాడు. సత్తవ్వ చీపురు పుల్ల విరిచి తెచ్చుకుని, నెమళ్ల కళ్లు శుభ్రం చేసింది. చేవ కర్ర మీద కొంగుతో రుద్దింది. తర్వాత వెనక్కి జరిగి నిలబడింది.

"కూసో సత్తవ్వా," అంది ఊర్మిళ.

"కూసుంట బిడ్డా. గింత ఎత్తున్నది గద. మోకాళ్లు సహకరించాలె."

"మా తాత ఎట్ల ఎక్కెటోడు?" అన్నాడు జగన్మోహన్ రావు, నిజంగానే గుర్తు లేక.

"పీట ఉండె సారూ. నేనే ఏసేదాన్ని."

జలపతి గోడ వైపు చూశాడు. ఊర్మిళ భర్త వైపు చూసింది.

జగన్మోహన్ రావు మెట్లెక్కి పైకి వెళ్లాడు. వంటింట్లోంచి పీట తెచ్చి, వంగి, మంచం పక్కన నేల మీద వేశాడు. కదలకుండా ఉందో లేదో చేత్తో నొక్కి చూశాడు. సత్తవ్వ ఆయన భుజం మీద చెయ్యి వేసి, పీట మీద కాలు పెట్టి, ఒక్కో అడుగు ఎక్కి, మెల్లగా నడుం వాల్చింది. నాలుగు స్తంభాల మధ్య నుంచి పైకి, అటు, ఇటు చూసింది.

"ఎట్లున్నది?" అంది ఊర్మిళ.

"బండ లెక్క ఉన్నది," అంది సత్తవ్వ. "పెద్ద దొర పొద్దుగాల లేస్తనే అందరి మీద ఎందుకు గరమయ్యెటోడో ఇప్పుడు సమజైంది."

జలపతి నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. ఊర్మిళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక్కడ తన పని అయిపోయిందనుకుని జగన్మోహన్ రావు వంగి పీట అందుకోబోయాడు.

"ఉండనియ్యి సారూ," అంది సత్తవ్వ, కళ్లు మూసుకునే. "మల్ల దిగాలె గద."